బెంగాలీనా, బంగ్లాదేశీనా?



ఒక దేశపు పౌరులందరినీ కలిపి ఏమని పిలవాలి? చాలా దేశాల్లో ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు. దేశం పేరులోంచే పౌరుడి పేరు వస్తుంది, అందరూ ఒప్పుకుంటారు, అంతటితో సరి. కొన్ని దేశాల్లో మాత్రం ఆ ఒక్క మాట కోసం చట్టసభలో వాగ్వాదాలు జరిగాయి, రాజ్యాంగాన్ని మార్చి మళ్లీ మార్చారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. మన పొరుగునే ఉన్న బంగ్లాదేశ్ అలాంటి దేశం. అక్కడి పౌరులను బెంగాలీలు అనాలా, బంగ్లాదేశీలు అనాలా అన్న వాదానికి యాభై ఏళ్లు దాటాయి. పైపైన చూస్తే ఇది మాటల పట్టింపులాగే ఉంటుంది. లోపలికి వెళ్తే, ఈ దేశం ఎవరిది, ఇందులో నాకు చోటుందా అని అడుగుతున్న మనుషులు కనిపిస్తారు. ఈ పూట వాళ్ల గురించి మాట్లాడుకుందాం.

ముందు, బెంగాలీ అన్న మాటకు అక్కడ అంత బలం ఎలా వచ్చిందో చూడాలి. 1947లో తూర్పు బెంగాల్ పాకిస్తాన్‌లో కలిసింది. పాకిస్తాన్ మొత్తం జనాభాలో సగానికి పైగా బెంగాలీ మాట్లాడేవాళ్లే. అయినా 1948 మార్చిలో మహమ్మద్ అలీ జిన్నా ఢాకా వచ్చి, దేశానికి ఉర్దూ ఒక్కటే రాజభాష అని ప్రకటించారు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో నిరసనకు దిగిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఈనాడు ప్రపంచమంతా జరుపుకుంటున్న మాతృభాషా దినోత్సవం ఆ రోజుదే. అదే ఏడాది డిసెంబరులో, మద్రాసులో, పొట్టి శ్రీరాములుగారు ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్షలో ప్రాణాలర్పించారు. భాష కోసం ప్రాణం ఇవ్వడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

1955లో పాకిస్తాన్ పాలకులు ఇంకో పని చేశారు. తూర్పు బెంగాల్ అన్న పేరు తీసేసి తూర్పు పాకిస్తాన్ అని పెట్టారు. ఆ ప్రతిపాదన వచ్చినప్పుడు పాకిస్తాన్ రాజ్యాంగ సభలో ఒక యువ నాయకుడు లేచి అడ్డు చెప్పాడు. బెంగాల్ అన్న పేరుకు ఒక చరిత్ర ఉంది, ఒక సంప్రదాయం ఉంది, దాన్ని మార్చాలనుకుంటే మేము తిరిగి వెళ్లి అక్కడి ప్రజలను అడగాలి, వాళ్లు ఒప్పుకుంటేనే మార్చాలి అన్నది ఆయన వాదన. ఆ యువకుడు షేక్ ముజీబుర్ రెహమాన్. ఆయన మాట ఆనాడు ఎవరూ వినలేదు. ఆ వాదనను దయచేసి గుర్తుంచుకోండి. జనానికి పేరు పెట్టేముందు ఆ జనాన్ని అడగాలి. ఇంతకంటే న్యాయమైన మాట ఈ విషయంలో మరొకటి లేదని నా నమ్మకం.

1969 డిసెంబరులో ముజీబ్ తమ నేల పేరు ఇకమీదట బంగ్లాదేశ్ అని ప్రకటించారు. 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 స్థానాల్లో ఆయన పార్టీ అవామీ లీగ్ 160 గెలిచింది. అధికారం మాత్రం దక్కలేదు. 1971 మార్చిలో సైన్యం జనం మీద పడింది. లక్షల మంది చనిపోయారు, దాదాపు కోటి మంది ప్రాణాలు దక్కించుకోవడానికి భారతదేశంలోకి వచ్చారు. డిసెంబరు 16న పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. కొత్త దేశం పుట్టింది. ఆ తొమ్మిది నెలల్లో బెంగాలీ అన్నందుకే మనుషులను చంపారు. అలాంటి చోట, గెలిచిన తరువాత, మేము బెంగాలీలం అని చాటుకోవాలనిపించడంలో ఆశ్చర్యం ఏముంది?

1972 అక్టోబరులో కొత్త రాజ్యాంగం మీద చర్చ నడిచింది. సభలో దాదాపు అందరూ అవామీ లీగ్ సభ్యులే. అక్టోబరు 31న ఒక సవరణ వచ్చింది. బంగ్లాదేశ్ పౌరులను బెంగాలీలుగా వ్యవహరించాలన్నది దాని సారం. అప్పుడు చిట్టగాంగ్ కొండ ప్రాంతాల నుంచి స్వతంత్రంగా గెలిచి వచ్చిన సభ్యుడు మానబేంద్ర నారాయణ్ లార్మా లేచారు. ఆయన చక్మా తెగకు చెందినవారు. ఆయన చెప్పింది చాలా సూటైన సంగతి. నేను చక్మాని. మా తాతముత్తాతలెవరూ తమను బెంగాలీలని చెప్పుకోలేదు. మేము ఈ దేశ పౌరులం, మమ్మల్ని బంగ్లాదేశీలని పిలవండి, సంతోషంగా ఒప్పుకుంటాం, బెంగాలీలం మాత్రం కాము. ఇదీ ఆయన వాదన. సభ వినలేదు. సవరణ నెగ్గింది. లార్మా నిరసనగా సభలోంచి బయటికి వెళ్లిపోయారు.

లార్మా వచ్చిన ప్రాంతం గురించి కొంత చెప్పాలి. రాంగామాటి, ఖాగ్రాఛడి, బాందర్‌బన్ అని ఈనాటి మూడు జిల్లాలు. దేశం మొత్తం విస్తీర్ణంలో పదో వంతు. చక్మాలు, మర్మాలు, త్రిపురలు, మ్రోలు, తంచంగ్యాలు, బామ్‌లు ఇలా పదకొండు తెగలవాళ్లు అక్కడ తరతరాలుగా ఉన్నారు. కొండవాలుల్లో పోడు వ్యవసాయం వాళ్ల బతుకు. మన మన్యంలో పోడు తెలిసినవాళ్లకు ఆ జీవితం కొత్తగా అనిపించదు. 1962లో పాకిస్తాన్ ప్రభుత్వం కర్ణఫూలీ నది మీద కప్తాయ్ దగ్గర జలవిద్యుత్తు కోసం ఆనకట్ట పూర్తి చేసింది. ఆ జలాశయంలో కొండ ప్రాంతాల సాగుభూమిలో దాదాపు 40 శాతం మునిగిపోయింది. సుమారు లక్ష మంది నిర్వాసితులయ్యారు. చక్మా రాజుగారి భవనం కూడా నీళ్లపాలైంది. ఎందరో సరిహద్దు దాటి వచ్చారు. అలా వచ్చి ఈనాటి అరుణాచల్ ప్రదేశ్‌లో స్థిరపడిన చక్మాల పౌరసత్వ సమస్య మన దేశంలో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఆ ముంపును ప్రశ్నించినందుకు యువకుడిగా ఉన్నప్పుడే లార్మా జైలుకు వెళ్లారు. భూమి పోగొట్టుకున్న జనం తరఫున సభకు వచ్చిన మనిషి ఆయన. ఇప్పుడు పేరు కూడా పోతోందని ఆయనకు అనిపించింది.

1955లో కరాచీలో ముజీబ్ అడిగిందీ, 1972లో ఢాకాలో లార్మా అడిగిందీ ఒక్కటే. మమ్మల్ని అడగకుండా మాకు పేరు పెట్టకండి అని. పరాయి పేరు తమ మీద రుద్దితే ఎంత నొప్పి పుడుతుందో తెలిసిన సభ, పదిహేడేళ్ల తరువాత ఆ పనే చేసింది. నన్ను బాగా కలవరపెట్టేది ఇదే. ఆ సభలో ఉన్నవాళ్లు దుర్మార్గులు కారు. తమ భాష మీద ప్రేమతోనే చేశారు. దెబ్బతిన్న జనం గెలిచాక, తమ పేరే అందరి పేరు కావాలని కోరుకోవడం చాలా సులువు. ఎక్కువమందికి అది ఆనందంగా ఉంటుంది గనక, తక్కువమందికి ఎలా ఉందో అడగాలన్న ఆలోచనే రాదు.

ఇక్కడ రెండో పక్షానికీ న్యాయం చేయాలి. బెంగాలీ అన్న పేరులో ఒక గొప్ప గుణం ఉంది. పాకిస్తాన్ మతం మీద కట్టిన దేశం. దానికి ఎదురుగా, ముస్లిములు, హిందువులు, బౌద్ధులు, క్రైస్తవులు అందరూ ఒకే భాష మాట్లాడే ఒకే జనం అని చెప్పిన మాట అది. ఊళ్లో మైనారిటీగా బతికే ఒక హిందూ బెంగాలీకి ఆ పేరు పెద్ద రక్ష. 1972 రాజ్యాంగం మతాతీత రాజ్యాన్ని మూల సూత్రాల్లో ఒకటిగా పెట్టుకుంది. అంటే బెంగాలీ అన్న పేరు మతం వైపు తలుపు బార్లా తెరిచింది. భాష వైపు తలుపు మూసేసింది.

1975 ఆగస్టులో ముజీబ్ హత్య జరిగింది. తరువాత అధికారంలోకి వచ్చిన జనరల్ జియావుర్ రెహమాన్ రాజ్యాంగాన్ని సైనిక ఉత్తర్వులతో మార్చారు. 1979 ఏప్రిల్‌లో అయిదో సవరణ ఆ మార్పులకు ఆమోదముద్ర వేసింది. పౌరులు ఇకమీదట బంగ్లాదేశీలు. లార్మా కోరిన మాట అదే కదా! కానీ ఆ ఉత్తర్వులతోనే మతాతీత రాజ్యమన్న సూత్రం కూడా రాజ్యాంగంలోంచి పోయింది. 1988లో జనరల్ ఎర్షాద్ కాలంలో ఇస్లాం రాజ్యమతమైంది. అంటే రెండో పేరు భాష వైపు తలుపు తెరిచింది, దాన్ని తెచ్చినవాళ్లు మతం వైపు తలుపు మూశారు. ఈ రెండు పేర్లలో ఏది మంచిదని అడిగితే ఒక్కమాటలో జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే. పేరును ఒంటరిగా చూడకూడదు. దాంతోపాటు ఏం వచ్చింది, ఏం పోయింది అని చూడాలి.

కొండల్లోనైతే బంగ్లాదేశీ అన్న పేరు వచ్చాక పరిస్థితి మెరుగుపడకపోగా ఇంకా దిగజారింది. మైదానాల్లోని భూమిలేని బెంగాలీలను ప్రభుత్వమే లక్షల్లో కొండలకు తరలించి స్థిరపరిచింది. లార్మా పెట్టిన జనసంహతి సమితి అప్పటికే ఆయుధం పట్టింది. సైన్యం మోహరించింది. ఊళ్లు కాలాయి. వేలాదిమంది త్రిపురలో శరణార్థి శిబిరాలకు చేరారు. 1983 నవంబరు 10న సొంత ఉద్యమంలోని చీలికవర్గం చేతుల్లోనే లార్మా చనిపోయారు. ఆయన తమ్ముడు సంతు లార్మా 1997 డిసెంబరు 2న షేక్ హసీనా ప్రభుత్వంతో శాంతి ఒప్పందం మీద సంతకం చేశారు. తుపాకులు చాలావరకు ఆగాయి. భూమి తగాదాలు తేల్చడానికి ఒక కమిషన్ వేస్తామన్నారు, వేశారు. పోయిన భూమి తిరిగి చేతికి రావాల్సినవాళ్లు మాత్రం ఇంకా ఎదురుచూస్తున్నారు.

పౌరుల పేరు వ్యవహారం తరువాత న్యాయస్థానానికి వెళ్లింది. అయిదో సవరణ చెల్లదని హైకోర్టు 2005లో తీర్పు చెప్పింది. 2010లో సుప్రీంకోర్టు అప్పీలు విభాగం ఆ తీర్పును ప్రధానంగా సమర్థిస్తూనే, పౌరుల పేరును మాత్రం ముట్టుకోలేదు. కారణం చాలా ఆచరణాత్మకమైనది. బంగ్లాదేశీ అన్న మాటను తీసేస్తే పాస్‌పోర్టులు, గుర్తింపు కార్డులు అన్నీ మళ్లీ అచ్చువేయాలి, విదేశాల్లో ఉన్నవాళ్లు చిక్కుల్లో పడతారు, ఖజానా మీద భారం పడుతుంది అన్నారు. గల్ఫ్‌లో కూలిపని చేసుకునే ఒక బంగ్లాదేశీ పాస్‌పోర్టు మీది ఆ మాట ఎంత బరువైనదో, గల్ఫ్ వలసలు తెలిసిన మన కరీంనగర్, నిజామాబాద్, కడప కుటుంబాలకు చెప్పనక్కర్లేదు.

2011 జూన్ 30న పార్లమెంటు పదిహేనో సవరణ చేసింది. రెండు పేర్లనూ ఒకే వాక్యంలో కూర్చింది. బంగ్లాదేశ్ ప్రజలు జాతిగా బెంగాలీలు, పౌరులుగా బంగ్లాదేశీలు అని రాసింది. ఇది రాజీలా కనిపిస్తుంది. కానీ సంతాల్, గారో, ఒరావ్, ఖాసీ, మణిపురి, చక్మా కుటుంబాలకు ఇందులో తిరిగి పాత గాయమే. పౌరసత్వం దగ్గర సరే, జాతి దగ్గరికి వచ్చేసరికి నువ్వు బెంగాలీవే అని రాజ్యాంగం మళ్లీ చెప్పింది. అదే సవరణలో వాళ్ల సంస్కృతిని కాపాడతామని ఒక అధికరణం చేర్చారు. అందులో వాళ్లను ఉపజాతులనీ, చిన్న జాతులనీ అన్నారు. వాళ్లు కోరిన మాట ఆదివాసీ. ఆ మాట ఒప్పుకుంటే భూమి మీద హక్కుల సంగతి కూడా తేల్చాల్సి వస్తుంది. ఆ జంకు ఢాకా ప్రభుత్వాలకు ఎప్పుడూ ఉంది. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీల హక్కుల ప్రకటన చేసినప్పుడు బంగ్లాదేశ్ ఓటింగుకు దూరంగా ఉండిపోయింది. మన రాజ్యాంగ సభలో కూడా జైపాల్ సింగ్ ముండా ఆదివాసీ అన్న మాట కోసమే పట్టుబట్టారు. చివరికి మన రాజ్యాంగంలో స్థిరపడింది షెడ్యూల్డు తెగలన్న మాట.

2024 ఆగస్టులో హసీనా ప్రభుత్వం కూలిపోయాక, అలీ రియాజ్ అధ్యక్షతన రాజ్యాంగ సంస్కరణల కమిషన్ ఏర్పడింది. 2025 జనవరి 15న నివేదిక ఇచ్చింది. జాతిగా బెంగాలీలు అన్న వాక్యం తీసేసి, పౌరులను బంగ్లాదేశీలు అని మాత్రమే అనాలని సిఫార్సు చేసింది. సరిగ్గా అదే రోజు ఢాకాలో ఇంకో ఘటన జరిగింది. బడిపుస్తకం వెనక అట్ట మీద ఆదివాసీ అన్న మాట ఉన్న బొమ్మను ఒక వర్గం ఒత్తిడితో తొలగించారు. దానికి నిరసన తెలపడానికి పాఠ్యపుస్తకాల బోర్డు దగ్గరికి వెళ్లిన ఆదివాసీ విద్యార్థులను కర్రలతో కొట్టారు. కాగితం మీద పేరు విశాలమవుతున్న రోజునే, వీధిలో ఆ పేరు కింద నిలబడాల్సిన పిల్లలు దెబ్బలు తిన్నారు. ఒక పేరుతో అన్నీ సరిపోతాయనుకునేవాళ్లు ఈ రోజును మరిచిపోకూడదు.

ఈ వాదం కొండలవాళ్లకే పరిమితం కాదు. ఢాకా మొహమ్మద్‌పూర్‌లో జెనీవా క్యాంపు అని ఇరుకైన బస్తీ ఉంది. 1947 తరువాత బిహారు నుంచీ ఇతర చోట్ల నుంచీ వెళ్లిన ఉర్దూ మాట్లాడేవాళ్లు అక్కడ తరాలుగా ఉంటున్నారు. 1971 తరువాత వాళ్లకు చిక్కుబడిన పాకిస్తానీలన్న ముద్ర పడింది. పాకిస్తాన్ వాళ్లలో చాలామందిని తీసుకోలేదు, బంగ్లాదేశ్ తనవాళ్లనలేదు. 2008 మేలో హైకోర్టు వాళ్లు ఈ దేశ పౌరులేనని తేల్చి, ఓటరు జాబితాలో చేర్చమంది. బెంగాలీ అన్న పేరు వాళ్లకు ఎప్పటికీ అతకదు. బంగ్లాదేశీ అన్న పేరు అతుకుతుంది.

మన తెలుగువాళ్లు కూడా ఆ దేశంలో ఉన్నారు. బ్రిటిష్ కాలంలో సిల్హెట్ తేయాకు తోటలకు కూలీలుగానూ, ఢాకా వీధులు ఊడ్చే పనికీ తీసుకువెళ్లిన కుటుంబాల వారసులు వాళ్లు. ఢాకాలో ధల్‌పూర్‌లో తెలుగువాళ్ల కాలనీ ఉంది. 2023 ఫిబ్రవరిలో ఆ ఇళ్లు ఖాళీ చేయించబోతే వాళ్లు రోడ్డెక్కాల్సి వచ్చింది. తేయాకు తోటల్లో 2022 ఆగస్టు వరకు రోజు కూలి 120 టాకాలు. 300 అడుగుతూ సమ్మె చేస్తే 170 చేశారు. ఇంట్లో తెలుగు మాట, బయట బంగ్లా మాట, చేతిలో చీపురో తేయాకు బుట్టో. వాళ్లను ఏమని పిలవాలి? బెంగాలీలని పిలిస్తే అమ్మభాషను లెక్కలోంచి తీసేసినట్టే. భారతీయులంటే పుట్టిన దేశంలోనే పరాయివాళ్లను చేసినట్టు. వాళ్లు బంగ్లాదేశీలు. ఆ మాటలో వాళ్లకు హక్కుంది, ఆ హక్కుతోపాటు ఇల్లూ, న్యాయమైన కూలీ ఉండాలి.

మన వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. బెంగాలీ, బంగ్లాదేశీ అన్న మాటలను కలగాపులగం చేస్తే దెబ్బతినేది సరిహద్దుకు అవతలివాళ్లే కాదు. పశ్చిమ బెంగాల్ నుంచి ఢిల్లీ, ముంబయి వెళ్లే కూలీలు బెంగాలీలో మాట్లాడినంత మాత్రాన బంగ్లాదేశీలన్న అనుమానానికి గురవుతున్నారు. 2025లో ఢిల్లీ పోలీసుల లేఖ ఒకటి బెంగాలీని బంగ్లాదేశీ భాష అని రాస్తే పెద్ద గొడవే జరిగింది. రవీంద్రుడి భాష మన రాజ్యాంగం గుర్తించిన భాష. భాషను బట్టి దేశాన్ని తేల్చేస్తే పేదవాడు సొంత దేశంలోనే కాగితాలు పట్టుకుని తిరగాల్సి వస్తుంది.

ఇలాంటి తగాదా అఫ్ఘానిస్తాన్‌లోనూ ఉంది. అఫ్ఘాన్ అన్న పేరు ఒకప్పుడు పష్తూన్‌లకే చెందింది. 2004 రాజ్యాంగం పౌరులందరినీ అఫ్ఘాన్‌లే అన్నా, కొత్త గుర్తింపు కార్డుల మీద ఆ మాట వేయడానికి తాజిక్‌లలో, హజారాలలో చాలామంది ఒప్పుకోలేదు. కజకిస్తాన్‌లో కజక్ అంటే ఆ తెగవాళ్లు, కజకిస్తానీ అంటే అక్కడి పౌరులంతా. ఎక్కడైనా చిక్కు ఒక్కటే. పెద్ద తెగ పేరు అందరి పేరూ కావచ్చా?

మన సంగతి చూసుకుందాం. భారత రాజ్యాంగం మనల్ని ఏ భాషతోనూ పిలవదు, భారత పౌరులు అంటుంది. అది పెద్దల దూరదృష్టి. కానీ మన రెండు రాష్ట్రాల్లో సభా వేదికల మీద, పత్రికల్లో, తెలుగు ప్రజలు అని అలవాటుగా అనేస్తాం. ఉట్నూరులో గోండులు, భద్రాచలం చుట్టుపక్కల కోయలు, సీతంపేటలో సవరలు, తండాల్లో లంబాడీలు, పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఆ మాట వింటున్నారు. వాళ్లూ ఈ రాష్ట్రాల ప్రజలే, ఓటర్లే, పన్ను కట్టేవాళ్లే. తెలుగు మీద నాకున్న ప్రేమ ఎవరికీ తీసిపోదు. ఆ ప్రేమ ఉన్నందుకే చెబుతున్నాను. భాషాభిమానం మనది, రాష్ట్రం అందరిదీ. రాష్ట్ర ప్రజలందరినీ ఉద్దేశించి మాట్లాడేటప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రజలు, తెలంగాణ ప్రజలు అనడం వల్ల తెలుగుకు ఏ లోటూ రాదు.

చివరగా నా అభిప్రాయం. పౌరుడి పేరు నేలను బట్టి ఉండాలి, నెత్తుటిని బట్టీ నాలుకను బట్టీ ఉండకూడదు. భాష, తెగ, మతం ఆ మనిషి సొంతం, వాటికి అతను పెట్టుకున్న పేరే పేరు. దేశం తన పౌరులకు పేరు పెట్టేటప్పుడు ఎక్కువమందికి నచ్చిందా అని చూస్తే చాలదు, ఎవరికి అతకదో వాళ్లను వెతికి అడగాలి. 1972లో ఆ సభలో అడగాల్సిన మనిషి కళ్లెదుటే ఉన్నాడు, నిలబడి మాట్లాడాడు కూడా. విని ఉంటే ఒక పంక్తి మారేది. ఆ పంక్తితోపాటు కొండల భూమికి రక్ష కూడా ఇచ్చి ఉంటే పాతికేళ్ల నెత్తురు తప్పేదేమో. ఇప్పుడు మళ్లీ రాజ్యాంగాన్ని సంస్కరించుకునే సందర్భం వచ్చింది గనక, బంగ్లాదేశ్ ప్రజలు బంగ్లాదేశీ అన్న పేరును మతాతీత రాజ్యంతో, ఆదివాసీల భూమి హక్కుతో కలిపి నిలబెట్టుకోవాలని కోరుకుంటున్నాను. రెండు తలుపులూ తెరవడం సాధ్యమే. ఆ పని చేయాల్సిన బాధ్యత సంఖ్యలో ఎక్కువున్నవాళ్ల మీదే ఉంది. అక్కడ బెంగాలీల మీద, ఇక్కడ మన మీద.